ఆరో నట్టు

లారీ డ్రైవరు ఇలైతియా బిగించిన నట్టు విప్పడం ఇంకెవడి తరమూ కాదని సవుసవు కొండదారిలో అందరికీ తెలుసు. ఒకసారి చేమదుంపల బస్తాలతో దిగుతుంటే నట్లు వదులై ముందు చక్రం ఊడి, లారీకంటే ముందే ఊరు చేరింది. ఊరంతా పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి చర్చి పాత నీళ్ల గొట్టాన్ని పానాకు తొడిగి, దాని చివర బావ అపిసాయిని ఎక్కించేవాడు. ఊళ్లో అంత బరువైన మనిషి ఇంకొకడు లేడు.

"మూడుసార్లు కిర్రుమనాలి బావా, గెంతు!"

విప్పాలన్నా అపిసాయే ఎక్కాలి. "అంత బిగిస్తే ఏదో రోజు ఏడుస్తావురా" అని పట్నం మెకానిక్ అంటే, "అయితే నట్లు విప్పే ఆ గాలి మిషనేదో నువ్వే కొనిపెట్టు" అన్నాడు. మొండి ఘటం!

ఇవాళ ఆ బావనే లారీ వెనక తొట్టిలో చాప మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. అపిసాయి మంచం పట్టి రెండు నెలలైంది. పొద్దుటినుంచి ఊపిరి అందడం లేదు. సగం దారిలో ముందు టైరు పేలింది. అక్కడ ఫోను పలకదు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

ముందు ఇలైతియా చెల్లెలు, అపిసాయి పెళ్లాం లితియా ఒక్కతే గొట్టమెక్కింది; తర్వాత అన్నాచెల్లెళ్లిద్దరూ ఎక్కి ఊగితే ఐదు నట్లు విడిచాయి. ఆరోది ససేమిరా అంది. డీజిల్ పోశాడు. సుత్తితో బాదాడు. తన చేతులతో తనే బిగించుకున్నాడు కదా, ఎవర్ని తిట్టాలి?

"అన్నయ్యా, ఆయన పెదాలు నల్లబడుతున్నాయి. ఏదో ఒకటి చెయ్యి!" లితియా ఏడ్చింది.

"ఏం చెయ్యనే, నా చేతులు పడిపోను!" ఇలైతియా రోడ్డు మీదే కూలబడ్డాడు.

వెనకనుంచి పీలగా గొంతు వినిపించింది. "ఏం బావా, నేను లేకపోతే ఒక్క నట్టు విప్పలేవా? దింపు నన్ను."

"నోర్మూసుకుని పడుకో."

"సిగ్గులేనోడా, దింపమన్నానా!"

వేరే దారి లేదు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని దింపారు. అపిసాయి దుప్పటి విదిలించుకుని, లారీ అంచు పట్టుకుని, రెండు కాళ్లూ గొట్టం మీద పెట్టాడు. కళ్లు మూసుకుని ఉన్న బలమంతా వేశాడు.

ఇందాక లితియా ఒక్కతే ఎక్కితే గొట్టం కొంచెం వంగింది. ఇప్పుడు ఆ మాత్రం కూడా వంగలేదు.

ఇలైతియా తల పక్కకు తిప్పుకున్నాడు.

"కదిలిందా?" రొప్పుతూ అడిగాడు అపిసాయి.

"కదిలింది బావా. దిగు ఇంక."