పసుపు రుమాలు

మా మేనత్త చేతులు కడుక్కున్న ప్రతిసారీ అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేది.

"ఏటత్తా?" అంటే, "పసుపు పోనేదమ్మా" అనేది. నేనెరిగి ఆమె కూరలో కూడా పసుపు వేసేది కాదు.

మలయాకి మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, రాకముందు, తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో, మేముండే బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో మా తెలుగు కుర్రాళ్లకీ చీనా కుర్రాళ్లకీ పడేది కాదు. మావాళ్ల ముఠాకి నాన్నే పెద్ద. పసుపునీళ్లలో ముంచి అమ్మవారి ముందు పెట్టిన రుమాలు మెడకి కట్టుకుంటే మావాడని గుర్తు. ఆ రుమాళ్లు ముంచి ఆరేసేది అత్తే.

అవతలి ముఠాలో ఒకబ్బాయిని ఆమె ఇష్టపడింది. మా వీధికి వస్తే ఎవరూ కొట్టకూడదని అతనికీ ఒక రుమాలు ఇచ్చింది. మావాళ్లు నిజంగానే అతన్ని ముట్టుకోలేదు. తిరిగి వెళ్తుంటే, మెడకున్న రుమాలు వెనకనుంచి చూసి, మావాడనుకుని, అతని స్నేహితులే పొడిచి చంపారు.

నాన్న ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు.

మొన్న అత్త పోయింది. స్నానం చేయించాక, పెళ్లికాని మనిషి కదా అని ఆడవాళ్లు పసుపు ముద్ద తెచ్చారు. మూలన కూర్చున్న నాన్న కర్ర పట్టుకుని లేచాడు.

"నా సెల్లికి అది రాయకండి," అన్నాడు. "ఆ వాసన దానికి ఇన్నాళ్లకి వదిలినాది."