పోచమ్మ కాని రాయి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చెప్పేదాంట్లో సగం ఊదిందే ఉంటుంది. మరమగ్గాల మోతలో పక్కవాడికి మాట వినబడాలంటే అరవాలి. ఇరవై ఏళ్లు అలా అరిచి అరిచి, ఏ సంగతినైనా ఉన్నంతలో చెప్పడం మరిచిపోయాను. కాబట్టి మామ దగ్గు సూరత్ పొలిమేర దాటి వినిపించేదని రాస్తే, పక్కగది దాకా అని చదువుకోండి.

మామ అంటే చుట్టం కాదు. జగిత్యాల దగ్గర మా పక్క ఊరివాడు, షెడ్డులో నా పక్క మగ్గం అతనిది. లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగాక, సూరత్‌లో పర్వత్ పాటియా పేటలోని మా గదిలో తొమ్మిదిమందిమి (నా లెక్కన తొంభై) ఒకరి ఊపిరి ఒకరం పీల్చుకుంటూ పడి ఉన్నాం. ఒక పొద్దున మామ సంచి భుజానేసుకున్నాడు.

"నడుస్త అల్లుడా. ఈడ సస్తే నా మొకం సూసేటోడు లేడు."

"వెయ్యి కిలోమీటర్లు మామా! మెట్లెక్కితేనే ఆయాసపడ్తవ్."

"జర మెల్లగ నడుస్త."

ఆపలేక వెంట నడిచాను. నాకున్న ఉపాయం ఒక్కటే. మామకు గుజరాతీ చదవరాదు, నాకు వచ్చు. దారి పక్కన చెక్కిన రాయి కనబడితే చాలు, మామను కూర్చోబెట్టి దాని చరిత్ర విప్పేవాణ్ణి. వంతెన దగ్గర శిలాఫలకం మీద ఎవరో మంత్రిగారి పేరుంటే, దానికి రెండు యుద్ధాలు, ఒక ఏనుగు తగిలించాను. ఒక గోడ మీద పాత వరద ఎంతవరకు ఎక్కిందో గీత గీసి ఉంది. నా కథలో ఆ నీళ్లు మగ్గాలను సముద్రం దాకా ఈదించాయి. మామ ఊపిరి కాస్త కుదుటపడేది. మళ్లీ లేచేవాడు.

సూరత్ చివర సిందూరం పూసిన రాయి వచ్చింది. ఏటా ఆషాఢంలో మావాళ్లంతా పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, ఇక్కడ కల్లు దొరకదు గనక సోడా పోసే పోచమ్మ అది. మామ దండం పెట్టి, "తల్లీ, ఇల్లు చేర్చు" అన్నాడు.

నా నోరు ఊరుకోలేదు. అక్కడి చాయ్‌వాలా ఎప్పుడో చెప్పిన నిజం బయటపెట్టాను. "మామా, గిది పోచమ్మ కాదు. పశువులను దొంగలు తోలుకపోతుంటే అడ్డంపడి సచ్చినోని రాయి. ఆయనోళ్లు పెట్టిచ్చిండ్రు."

మామ వేలితో తడుముతూ పోయాడు. సిందూరం కింద గుర్రం కాలు తగిలింది.

"గిన్నేండ్లు మొగోనికి పసుపు పూసినమా?" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. పెదవులు నల్లబడ్డాయి. ఇది ఊదింది కాదు. "సచ్చినా వీనికి రాయన్న ఉన్నది. నాకేమున్నది అల్లుడా?"

"నీకు గూడ ఉన్నది" అన్నాను భయంతో. "మన షెడ్డు మూలమీద రాయి లేదా? మనదిక్కు నుంచి వచ్చి నేసినోళ్ల పేర్లే దానిమీద. కింది నుంచి రెండోది నీది."

మామ నా మొహంలోకి చూశాడు. సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, వచ్చిన దారే పట్టాడు.

షెడ్డు మూలమీది రాయి ముందు కూలబడి, కింది నుంచి రెండో వరుస మీద అరచెయ్యి పెట్టాడు. "మంచిగ చెక్కిండ్రు" అన్నాడు.

నెల దాటాక రైలు వేశారు. మామ ఊరు చేరాడు. దగ్గు మాత్రం ఇంకా అతన్ని వదల్లేదు.

ఇక నేను కల్పించిందేదో చెప్పాలి. ఏనుగు కాదు, ఆ అబద్ధం మామకు చెప్పింది. మీకు చెప్పిన అబద్ధం ఒక్కటే, మామకు గుజరాతీ చదవరాదని. నాకంటే పదేళ్ల ముందొచ్చినవాడికి రాకపోవడమేమిటి? అతనికి చదవొచ్చని ముందే రాస్తే, ఆ రోజు ఎవరు ఎవరి మాట నిలబెట్టారో మీకు తెలిసిపోయేది. షెడ్డు మూలమీది రాయి మీద గుజరాతీలో రాసి ఉన్నది పేర్లు కాదు, 'కింద నీళ్ల పైపు ఉంది, తవ్వరాదు' అని.

రైలెక్కే రోజు మామ నా చెవిలో అన్నాడు: "అల్లుడా, గా రాయి కాడ ఎవ్వర్ని తవ్వనియ్యకు. నా పేరున్నది."