కడుపునడుగు

నగరిలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో మరమగ్గాల మోతకు ఎదుటి మనిషి మాట వినిపించేది కాదు. అందుకే ఇంటిల్లిపాదీ సైగలతోనే మాట్లాడుకునేవారు. పండగనాడు మగ్గాలు ఆగేవి గానీ పెద్దమ్మ సైగలు ఆగేవి కావు.

ఉగాదికి ఓళిగలు, అంటే బొబ్బట్లు, వడ్డిస్తూ ఆమె ఎవరినీ బలవంతపెట్టేది కాదు. ఎదురుగా నిలబడి, తన కడుపు మీద అరచెయ్యి ఆనించి కనుబొమలెత్తేది. మనమూ కడుపు మీద చెయ్యేసి చూసుకున్నాకే జవాబు చెప్పాలి. నేను తొందరపడి "ఇంకోటెయ్యి" అంటే, "నోటిని గాదు నాయనా, కడుపునడుగు" అనేది. చక్కెర జబ్బున్న పెద్దనాయన కూడా చెయ్యి పెట్టుకుని, ఒక నిట్టూర్పు విడిచి, గొడవ లేకుండా ఆకు మడిచేవాడు.

మొన్న ఉగాదికి ఆమెను కూర్చోబెట్టి నేను వడ్డించాను. ఒక్క ఓళిగ తిని, "సాల్లే, పిల్లోళ్ళకు ఉండనీ" అంటూ ఆకు మడవబోయింది. నేను నా కడుపు మీద చెయ్యి ఆనించి కనుబొమలెత్తాను.

పెద్దమ్మ ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆమెను అలా అడిగినవాళ్ళు లేరు. మెల్లగా తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని, కాసేపు నిజంగానే ఆలోచించింది.

"ఇంగా సందుండాది రా," అంది సిగ్గుపడుతూ. "ఇంకోటెయ్యి. నెయ్యి గూడా."