కాంపౌండరు మీద చింతగింజ

ఆఖరి రోజు నా భార్య జానకి సగం ఇడ్లీ తింది. పదకొండు గంటలకు నవల చదవమంది. తమిళ మిస్టరీ నవల... చూపు పోయిన వాళ్ళమ్మకు నెల రోజులుగా తనే చదివి వినిపిస్తోంది. ఆ రోజు ఓపిక లేక నన్ను చదవమంది. వాళ్ళమ్మ పక్కనే కుర్చీలో ఉంది. ఆఖరి అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి జానకి చెయ్యి ఎత్తింది.

"నిలుపు బావా. గింజ పెట్టకుండా ముందుకు పోతావా?"

అత్త గింజ డాక్టరు మీద. జానకి గింజ కాంపౌండరు మీద.

"వాడే. చూస్తా ఉండు. రేపు చదువు" అంది.

జానకి గింజను ఆ పేజీలోనే ఉంచి పుస్తకం మూశాను. మధ్యాహ్నం మూడున్నరకు పోయింది.

ఈ గింజలేమిటో చెప్పాలి.

మా చిన్నప్పుడు... రాజపాళయంలో మా ఇళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది తిరుపతిలో కాలేజీలో చేరాకే. వారానికోసారి తమిళ పత్రిక వచ్చేది. అందులో సీరియల్... మేము తొడర్‌కథ అంటాం. మా మేనత్త రుక్మిణమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేది. చుట్టూ ఆడవాళ్ళు ఆస్పత్రులకు పోయే కట్టుగుడ్డ మడతలు పెడుతూ ఉండేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. అత్త కళ్ళు తమిళం మీద పోతుంటే నోట్లోంచి తెలుగు వచ్చేది. ఎక్కడా ఆగేది కాదు.

కథ ముగియడానికి ముందు వారం నేల మీద సుద్దముక్కతో పాత్రల పేర్లు రాసేవాళ్ళం. హంతకుడని ఎవరి మీద అనుమానం ఉంటే ఆ పేరు మీద ఒక చింతగింజ. తలకొకటే. పెట్టాక మార్చకూడదు.

ఒకసారి గింజలన్నీ వకీలు మీద పడ్డాయి. అత్త కూతురు జానకి, పదేళ్ళ పిల్ల, తన గింజ తీసుకుపోయి వంటవాడి మీద పెట్టింది. అందరూ నవ్వారు.

"కూరలో ఉప్పు ఎక్కువైతేనే ఏడ్చినాడే, వాడు కత్తి పట్టినాడా?" అంది పక్కింటి అలమేలమ్మ.

"ఉప్పుకు ఏడ్చినాడు, సరి. అయ్య చచ్చినప్పుడు ఏడ్చినాడా? ఏడ్చినాడని ఏడైనా చదివినారా?" అంది జానకి.



తర్వాతి వారం అత్త చదువుతూ చదువుతూ ఒక్కసారి ఆగింది. ఆమె అలా ఆగడం నేను చూసింది అదొక్కసారే. కూతురి వైపు చూసింది. మళ్ళీ పేజీలోకి చూసి, వంటవాడే అని చదివింది. జానకి ఎగిరి గంతేసింది.

అందరూ వెళ్ళాక నేను పత్రిక తీసి చూశాను. వంటవాడు కాదు. రంగూన్ ఓడ దిగి వచ్చినవాడెవడో! ఆ వారమే కథలోకి అడుగుపెట్టాడు. అత్త నా చేతిలోంచి పత్రిక లాక్కుంది.

"చూసినావా? నోరు మూసుకోని ఉండు. ఇన్ని వారాలుగా లేనివాణ్ణి తెచ్చి వీడే చంపినాడంటే అది కథా? బిడ్డ సరిగా చూసింది. రాసినోడికే చూడ తెలీలే."

నోరు మూసుకున్నాను. పెళ్ళయ్యాక కూడా. "వంటవాణ్ణి పట్టినదాన్ని నేను" అని జానకి జీవితమంతా నన్ను దబాయించింది. ఎవరు అబద్ధం చెబుతున్నారో, ఎవరు చెప్పడం లేదో, వెంటనే పట్టేసేది. ఈ ఒక్కటి తప్ప.

ఆమె పోయాక స్నేహితులు పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. మనసుకు మంచిదట. చదివాను... అసహ్యం వేసింది.

ఒకటి బహుమతి వచ్చిన నవల. మొదటి పేజీలోనే భార్య చచ్చిపోతుంది. భర్త కొండలకు పోయి, మంచు చూసి, జీవితాన్ని అర్థం చేసుకుంటాడు. ఆమెకు ఏం తినడం ఇష్టమో మూడు వందల పేజీల్లో ఒక్కచోట లేదు. మిగిలిన మాత్రలు ఏం చేశాడో లేదు. అతనికి కొండలు కావాలి కాబట్టి ఆమె చావాలి. అంతే.

ఇంకొకటి మిస్టరీ. కథ చెప్పేవాడే హంతకుడు. చివరి పేజీ దాకా ఆ సంగతి తనకే గుర్తు లేదట. గోడకేసి కొట్టాను. అట్ట చిరిగింది. బాధపడలేదు.

జానకి గింజ ఉన్న పుస్తకాన్ని మాత్రం ఎనిమిది నెలలు ముట్టుకోలేదు. పోయిన వారం తెరిచాను.

డాక్టరు కాదు. కాంపౌండరు కాదు. ఎప్పుడో విడిపోయిన కవల తమ్ముడట. ఆఖరి అధ్యాయంలో రైలు దిగాడు. అంతకుముందు అతని పేరైనా లేదు. ఇంకొక్క రోజు బతికి ఉన్నా జానకి గెలిచేది కాదు. ఎవరూ గెలవలేరు. చదివేవాడి కళ్ళ మీద గౌరవం లేనివాడు మిస్టరీ ఎందుకు రాయాలి? ఆమె తన ఆఖరి పూట ఆ కథకు ఇచ్చింది. రాసినవాడు మాట తప్పాడు. ఇంతకంటే మంచిమాట నాకు దొరకడం లేదు.

అత్తకు ఎనభై ఎనిమిది. రోజూ అడుగుతుంది.

"ఏమిరా, ఎవురు చంపినారు? చదివినావా లేదా?"

"ఇంకా లేదు అత్తా."

"నా గింజ పోతే పోనీ. బిడ్డ గెలిచిందా, అది చెప్పు."

ఇప్పుడు ఎవరూ వారం రోజులు ఆగరు... చివరి పేజీ ముందే ఫోన్లో చూసేస్తారు. ఒకే కథ కోసం పదిమంది కలిసి ఎదురుచూసిన వసారాలో ఇప్పుడు మేము ఇద్దరమే. మీ ఇంట్లో మీకు కథ చదివి చెప్పినవాళ్ళెవరు? రాయండి. చదువుతాను.

రేపు పొద్దున కాఫీ తాగాక అత్త పక్కన కూర్చుంటాను. గింజ ఉన్న పేజీ తీసి ఆఖరి అధ్యాయం చదువుతాను. ఎలా చదవాలో ఆమే నేర్పింది. ఎక్కడా ఆగను.

చంపింది కాంపౌండరు.