నిప్పు సంఘం వాళ్ల దీపం

ఇరవై అయిదేళ్లప్పుడు లోకంలో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. అప్పుడు నేను విజయవాడలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కొత్త లెక్చరర్ని. ఉయ్యూరు నుంచి సంచుల్లో చెరకు పిప్పి తెచ్చి, తగలబెట్టి, అది ఎలా మండుతుందో కొలవడం నా పరిశోధన. ("మావాడు అంత చదువూ చదివి పొయ్యి ఊదుతున్నాడు" అని మా అమ్మ చుట్టాలకు చెప్పేది.) నిప్పు ఎలా అంటుకుంటుంది, ఎలా ఆరుతుంది అన్నదే జీవితమంతా చదివేవాళ్లకు ఒక అంతర్జాతీయ సంఘం ఉంది. ఆ దహన పరిశోధకుల సంఘం సదస్సు ఆ ఏడాది మా కాలేజీలోనే అని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే దానికి వస్తున్న జర్మనీ ప్రొఫెసరుగారి దగ్గరే (మేం చాటుగా 'మంటలాయన' అనుకునేవాళ్లం) పిహెచ్‌డి సీటుకి దరఖాస్తు పెట్టుకున్నాను. మధ్యాహ్నం నా పేపరు విని, సాయంత్రానికి అవునో కాదో చెబుతానన్నారాయన.

మా డిపార్టుమెంటు హెడ్డుగారు, అంటే మా పెద్దసారు, నన్ను పిలిచి "జ్యోతి ప్రజ్వలన సంగతి మీరు చూసుకోండి. నిప్పు మీ సబ్జెక్టే కదండీ" అన్నారు. సదస్సు రోజు పొద్దున్నే హాలుకి వెళ్లేసరికి, రోజూ మా గదులు ఊడ్చే ఆయమ్మ ఇత్తడి కుందిని తోమి, బొట్లు పెట్టి, అయిదు వత్తులు వేసి ఉంచింది. వత్తుల కొసలు నలిపి, వాటి మీద ఏదో తెల్లటి పొడి అద్దింది. ఫొటోల్లో బాగుండదని వాటిని తీసి పారేసి, బజారులో కొన్న లావుపాటి కొత్త వత్తులు వేసి, ఇంధనం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న లెక్కన నువ్వులనూనె నిండా పోశాను. "అట్టా ముంచితే అంటుకోవు బాబుగారూ" అంది ఆయమ్మ. "నాకు తెలిసిన పనేలే ఆయమ్మా" అన్నాను.

పది గంటలకు మంటలాయన కొవ్వొత్తి పట్టుకుని కుంది ముందుకొచ్చారు. వత్తి అంటుకోలేదు. ఫ్యాన్లు ఆపించారు, హాలంతా చెమటలు పట్టాయి గానీ వత్తి మాత్రం అంటుకోలేదు. పెద్దసారు ప్రయత్నించారు. రాకెట్ ఇంధనాల నిపుణుడొకాయన కోటు విప్పి మరీ ప్రయత్నించారు. ప్రార్థనగీతం అయిపోయి, పాడే పిల్లలు ఏం చెయ్యాలో తోచక మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. నిప్పు మీద జీవితాలు ధారపోసిన పెద్దలంతా చుట్టూ చేరి ఒక్క వత్తి వెలిగించలేకపోతుంటే, నా సీటు ఆ నూనెలో మునిగిపోవడం నాకు కళ్లారా కనిపిస్తోంది. అప్పుడు ఆయమ్మ చీపురు గోడకి ఆనించి వేదికెక్కింది. వత్తిని పైకి లాగి, కొసని వేళ్లతో పిండి, కొంగుముడి విప్పి చిటికెడు కర్పూరం పొడి అద్దింది. "ఇప్పుడు పెట్టండి దొరగారూ" అంది. ఆయన పెట్టారు, వెలిగింది.

మధ్యాహ్నం చెరకు పిప్పి గురించి మంటలాయన ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. పొద్దున ఆ వత్తి ముందెందుకు అంటుకోలేదు, తర్వాతెందుకు అంటుకుంది అని మాత్రం అడిగారు. నూనె బాగా వేడెక్కి ఆవిరైతేగాని మండదనీ, కర్పూరం చప్పున అంటుకుని ఆ వేడిని నూనెకి అందిస్తుందనీ తడబడుతూ చెప్పాను. కుంది సిద్ధం చేసింది నేనేనని పెద్దసారు చెప్పినట్టున్నారు, "ఇంత తెలిసీ అలా ఎందుకు చేశావు?" అన్నారు. చేసినదంతా చెప్పేశాను, ఆయమ్మ వేసిన వత్తుల్ని నేను పారేసిన సంగతితో సహా. ఆయన పడీపడీ నవ్వి సీటిచ్చారు. పరిశోధన దేని మీదంటే, నూనె వత్తి అంటుకోవడం మీదే.

అయిదేళ్లకు లావుపాటి థీసిస్ పట్టుకెళ్లి ఆయమ్మకు చూపించాను. "ఇదంతా దీపం ఎలిగించడం గురించేనా? ఆ రోజే అడిగితే చెప్పేదాన్ని కదండీ" అని నవ్వి, "ఇందులో నా పేరేసారా?" అంది. కృతజ్ఞతల పేజీలో మంటలాయన ఉన్నారు, పెద్దసారు ఉన్నారు, మాకు గ్యాసు సిలిండర్లు తెచ్చిన వ్యాను డ్రైవరు కూడా ఉన్నాడు. ఆయమ్మ లేదు. తోచక కాదు. ఊడ్చే ఆవిడ దగ్గర నేర్చుకున్నానంటే సంఘంలో ఏమనుకుంటారో అని మానేశాను. ఆమెకు ఇంగ్లీషు రాదన్న ధైర్యంతో, మంటలాయన పేరు మీద వేలు పెట్టి "ఇదిగో" అన్నాను. "చాలా పొడుగ్గా ఏసారే" అని ఆమె ఎంత సంబరపడిందో. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సిగ్గు పోవడానికి నా జుట్టంతా నెరవాల్సి వచ్చింది. మొన్న ఆ దహన పరిశోధకుల సంఘం పత్రికకి పేపరు పంపుతూ, కృతజ్ఞతల్లో మొట్టమొదట ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, వేశాను. వారం తిరక్కుండా వాళ్ల దగ్గర్నుంచి మెయిలు వచ్చింది, ఈ మేడం ఏ యూనివర్సిటీలో పనిచేస్తారో రాయలేదేమని. పటమటలో కూతురి దగ్గర ఉంటున్న ఆమెకి ఫోన్ చేసి ఏం రాయమంటారని అడిగాను. "మీకు తెలిసిన పనేగా బాబుగారూ, మీరే ఏదో ఒకటి రాసెయ్యండి" అంది. రెండు రోజులైంది, ఇంకా ఏమీ రాయలేదు. ఆ మెయిలు తెరిచి చూసుకుని నవ్వుకుంటున్నాను.