కుర్చీకి బిగించిన సైకిలు గంట

చీపురుపల్లి బజారులో ఒక కిరాణా కొట్టు మేడ మీద నా పళ్ళ ఆసుపత్రి. కింద వీధిలో పాలవాళ్ళూ చేపలవాళ్ళూ ఇప్పటికీ సైకిళ్ళ మీదే తిరుగుతారు. వాళ్ళలో ఎవరు గంట కొట్టినా రోగి నోట్లో ఉన్న నా చెయ్యి ఠక్కున ఆగిపోతుంది. నిన్న కూడా ఆగింది. కుర్చీలో పడుకున్న బడిపంతులు గారు కంగారుపడి, ఏమైందన్నట్టు కళ్ళు పెద్దవి చేశారు. "ఏం లేదు మాష్టారూ, కింద సైకిలు" అన్నాను. ఆయన కంగారు ఇంకాస్త పెరిగిందే గాని తగ్గలేదు. ఆయనకు అర్థం కావాలంటే బొబ్బిలిలో మా సత్యం డాక్టరు గారి గురించి చెప్పాలి. నోట్లో దూది పెట్టుకుని వినగలిగినంత చిన్న సంగతి కాదది.

చదువు అవగానే నేను పనిలో చేరింది ఆయన దగ్గరే. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు లవంగాలు ఉండేవి. నాకేమో చేతివేగం గురించి బోలెడు పొగరు. మొదటి రోజు ఆయన నాకు పనిముట్లు చూపించలేదు, రోగి కుర్చీ చూపించి "ముందు నువ్వు కూకో అమ్మా" అన్నారు. వెనక్కి వాలాక చూస్తే కుర్చీ ఎడమ చేతికి ఒక సైకిలు గంట బిగించి ఉంది. నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. రోగికి మాట్లాడే వీలుండదు కదా, ఆపమని చెప్పడానికి ఆ గంట. డాక్టరు కుడివైపు ఉంటాడు కాబట్టి రోగికి ఖాళీగా ఉండేది ఎడమ చెయ్యి. మొదట్లో ఆయన చిన్న ఇత్తడి గంట ఇచ్చేవారట. ఒక్కరూ కొట్టేవారు కారు. ఒక షావుకారు గారి భార్య కన్నీళ్ళు కారుతున్నా గంటను ఒళ్ళో పెట్టుకుని ఊరుకుందట. అంతా అయ్యాక "దేవుడి గంట ఎడం సేత్తో ఎలా కొడతాను బాబూ, పాపం కాదా" అందట. మర్నాడే ఆయన సైకిలు షాపుకి వెళ్ళారు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది ఆయనకి. ఏం చెయ్యబోతున్నారో ముందు మొత్తం చెప్పేవారు. రూట్ కెనాల్ అనగానే నరాలు లాగేస్తారని, ప్రాణం పోయినంత పనవుతుందని జనం చెప్పుకునే రోజులు. ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చునేవారు. "పన్ను లోపల కుళ్ళిపోనాది. పీకను, లోపల కడిగి మందెడతాను. సూది గుచ్చినప్పుడు కుడతాది, కాసేపటికి పెదవి నీది కానట్టుంటాది. పన్నుకి సిన్న కన్నం సేత్తాను, గోలగా సప్పుడొస్తాది. తరవాత ఎంట్రుకంత సువ్వ పెట్టి గీకుతాను, గీకుతున్నట్టు తెలుస్తాది గానీ నొప్పెట్టకూడదు. నొప్పెట్టిందా, గంట కొట్టీ. మత్తు దిగేదాకా ఏటీ నమలకు, పెదవి కొరికేసుకుంటావు. రెండు మూడు రోజులు పన్ను సలుపుతాది. అది తగ్గిపోనాదని రాటం మానీకు, పని సగమే అయినట్టు." ఇంత చెప్పేవారు గాని, నొప్పి ఉండదని మాత్రం ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. బయట పదిమంది కూర్చుని ఉంటే ఈ పురాణమేమిటని నాకు విసుగ్గా ఉండేది.

ఆ విసుగుతోనే అప్పలస్వామి గారి విషయంలో తప్పు చేశాను. ఆయన పక్క ఊరి గుడిలో సన్నాయి వాయించేవారు. పై ముందు పన్ను పుచ్చి, రాత్రిళ్ళు నిద్ర లేక వచ్చారు. "పన్ను పోతే పెదవికి ఆసరా ఉండదు తల్లీ, సన్నాయి పలకదు. మా అయ్య పళ్ళూడాక సన్నాయి గూట్లో పెట్టీసినాడు, మరి తియ్యనేదు" అన్నారు. ఆ రోజు సత్యం సార్ పక్క గదిలో ఉన్నారు. "అస్సలు నొప్పి ఉండదు, చీమ కుట్టినట్టు కూడా తెలియదు" అని చెప్పి పని మొదలుపెట్టాను. మధ్యలో గంట మోగింది. ఇంకొక్క నిమిషం అయితే అయిపోతుందనుకుని చెయ్యి ఆపలేదు. మళ్ళీ మోగింది. అప్పటికీ ఆపలేదు. మందు పెట్టి, కన్నం తాత్కాలికంగా మూసి, వారం పోయాక రమ్మన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు. మూడు వారాలైనా రాలేదు.

నేను ఆ సంగతి మరిచిపోయాను గాని సార్ మరిచిపోలేదు. రాని రోగుల చీటీలు ఆయన విడిగా పెట్టుకునేవారు. ఒక రోజు ఆ చీటీ నా ముందు పెట్టి "ఆ రోజు గంట రెండుసార్లు మోగినాది. నాకు ఇనబడింది" అన్నారు. ఆదివారం పొద్దున్నే నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని ఆ ఊరికి తీసుకెళ్ళారు. అప్పలస్వామి గారు అరుగు మీద తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పై పెదవి ముక్కు దాకా వాచిపోయి ఉంది. నొప్పి తగ్గింది కదా అని పెళ్ళిళ్ళలో వాయించారట, మూసిన మందు ఎప్పుడో ఊడిపోయిందట. "మరి నావల్ల కాదు బాబూ, పీకీయండి. సన్నాయి మా తమ్ముడికిచ్చీస్తాను" అన్నారు. సార్ జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకుని నా వైపు చూశారు. ఆయనే సర్దిచెప్తారని అప్పటిదాకా నా ధైర్యం. చెప్పాల్సింది నేనేనని అప్పుడు తెలిసింది.

"నొప్పి ఉండదని మీకు అబద్ధం చెప్పాను. మీరు గంట కొట్టినా ఆపలేదు. తప్పు నాది" అన్నాను. ఆయన ఇంటావిడ గుమ్మంలో నిలబడి వింటోంది. నా చెవులు కాలిపోయాయి. సార్ చెప్పే పాఠం మొదటిసారిగా మొత్తం నేను చెప్పాను. వాపు తగ్గడానికి మందులు వాడాలని, తర్వాత మళ్ళీ శుభ్రం చెయ్యాలని, నొప్పి రావచ్చని, చివర్న క్యాపు తొడగాలని, ఇంత చేసినా పన్ను నిలుస్తుందని మాటివ్వలేనని కూడా చెప్పాను. అప్పలస్వామి గారు మూతి మీంచి తువ్వాలు తీసి, "ఈసారి ఆపుతావా" అన్నారు. ఆపుతానన్నాను. "అయితే వత్తాను" అన్నారు.

వచ్చారు. ఆ రోజు ఆయన గంట తొమ్మిదిసార్లు కొట్టారు, తొమ్మిదిసార్లూ ఆగాను. మొదటి నాలుగూ నన్ను పరీక్షించడానికేనని నా అనుమానం. నిజంగా నొప్పెట్టినప్పుడు ఇంకాస్త మత్తు ఇచ్చి, అది పట్టేదాకా చేతులు కట్టుకు కూర్చున్నాను. పన్ను నిలిచింది. క్యాపు తొడిగిన నెలకి గుడిలో కల్యాణానికి రమ్మని కబురు చేశారు. సన్నాయి వింటూ అందరూ తలలూపుతుంటే, నేను మాత్రం ఆయన పై పెదవి వంకే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత కొన్నేళ్ళకి, నేను చీపురుపల్లిలో సొంతంగా పెట్టుకున్నాక, సార్ తన ఆసుపత్రి మూసేశారు. ఒక మధ్యాహ్నం గుడ్డసంచిలో ఆ గంటా, ఒక స్క్రూడ్రైవరూ పట్టుకుని ఇక్కడికొచ్చారు. నా కుర్చీకి తనే బిగించి, రెండుసార్లు మోగించి చూసి, అదే కుర్చీలో పడుకుని, "కింద దవడ పన్నమ్మా, వారమై పడుకోనివ్వటం నేదు" అన్నారు. ఎక్స్‌రే తీశాను. రూట్ కెనాలే. మీకు తెలియనిదేముంది సార్ అనబోయాను. "సెప్పు" అన్నారు. మొత్తం చెప్పాను. బుద్ధిగా విన్నారు. సూది తియ్యగానే గంట మోగింది. ఆగాను. "నొప్పా సార్? ఇంకా గుచ్చనే లేదు."

"నొప్పి కాదమ్మా. ఆపుతావో నేదో సూసినాను. సెయ్యి."

కళ్ళు మూసుకున్నారు. సూది పెదవి దాకా వెళ్ళేసరికి గంట మళ్ళీ మోగింది. చూస్తే ఆయన ఎడమ చెయ్యి గంటని గట్టిగా పట్టుకుని వదలడం లేదు. వేలమందికి సూది గుచ్చిన మనిషికి సూదంటే ఇంత భయం. ఆ గంటా, ఆ పాఠమూ ఎక్కడ పుట్టాయో నాకు ఆ రోజే తెలిసింది. ఈసారి ఎందుకని అడగలేదు. సూది పక్కన పెట్టి, ఆయన తలూపేదాకా ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆయన పోయి రెండేళ్ళయింది. నా చేతిలో పని ఆయన పెట్టిందే, ఆ పనిని ఆపడం కూడా ఆయన నేర్పిందే. రెండోది నేర్పినందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. గంట నా కుర్చీదో, వీధిలో పాలవాడిదో తర్వాత చూసుకుంటాను. ముందు చెయ్యి ఆగుతుంది.