గజ ఈతగాడి పసిఫిక్ ప్రయాణం

నరసరావుపేటలో పదహారేళ్లుగా ట్రావెల్స్ నడుపుతున్నాను. కాశీ, షిర్డీ, అరుణాచలం. నా బస్సెక్కేవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు: కిటికీ సీటు ఉందా, భోజనంలోకి పెరుగు వేస్తారా. అలాంటి నా ఆఫీసుకి కిందటి వేసవిలో కోటేశ్వర్లు బాబాయ్ వచ్చి, ఫోను నా ముక్కు ముందు పెట్టి, "యమునా, నన్ను ఈడికి పంపియ్యమ్మా" అన్నాడు.

ఫోనులో ఏదో వీడియో. అడుగు దాకా కనిపించే నీలం నీళ్లు. వీపున గాలి సిలిండరు కట్టుకున్న మనిషి ఒకడు పెద్ద తాబేలు పక్కన ఈదుతున్నాడు. స్కూబా డైవింగ్ అట. కింద ఊరి పేరుంది. ఫిలిప్పీన్స్ దేశంలో, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున. చదివి చెబితే "ఆఁ, అదే" అన్నాడు, వినుకొండ బస్సు అడిగినంత తేలిగ్గా.

నాకు మతి పోయింది. బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు, మా అమ్మవాళ్ల ఊరి మనిషి. మాచర్ల దగ్గర సాగర్ కుడి కాలువ గట్టున ఇల్లు. 'గజ ఈతగాళ్లను రప్పించి గాలిస్తున్నారు' అని పేపర్లో రాస్తారే, ఆ గజ ఈతగాడు ఈయనే. కాలువలో ఎవరు పడినా పోలీసులు ముందు ఈయనకే ఫోన్ చేస్తారు. యాభై ఎనిమిదేళ్లు. నడుముకు తాడు, గుండెల నిండా గాలి, అంతే సరంజామా. రెండున్నర నిమిషాలు నీళ్ల కింద ఉండగలడు. నలభై ఏళ్లు నీళ్లలో మునిగి తేలిన మనిషికి మళ్లీ నీళ్ల మోజేమిటి, పిచ్చి కాకపోతే!

ఆ మాటే మొహం మీద అనేశాను.

"నీళ్లల్లో ఉన్నానే గానీ, నీళ్లల్లో ఏముందో నేనెప్పుడు చూశా?" అన్నాడు. "కాలవ నీళ్లు నీకు తెలవనియ్యా? అంతా బురద. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. చేతుల్తో తడుముకోడమే. నా చేతికి తగిలేది ఏందో నీకు తెలుసుగా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నీళ్లల్లో కళ్లు తెరిచి, బతికున్నదాన్ని చూడాలమ్మా."

నలభై ఏళ్ల నుంచీ ఈయన గుడ్డిగా దిగుతున్నాడని నాకు అప్పటిదాకా తోచనే లేదు. ఏడుపొచ్చినప్పుడు ఎదుటివాళ్ల మీద అరవడం నా జబ్బు. "అట్లయితే అండమాన్ పో! పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. పసిఫిక్కే కావాల్సి వచ్చిందా నీకు?" అన్నాను.

"అండమాన్ బంగాళాఖాతమేగా. మన కృష్ణ పోయి కలిసేది ఆ నీళ్లల్లోనే." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నాకు దొరకనోళ్లు పన్నెండు మంది ఉన్నారమ్మా. ఆ నీళ్లొద్దు. మనోళ్లెవరూ కొట్టుకుపోని నీళ్లు కావాల."

టికెట్టు కోసం అలాంటి కారణం నాకు ఎవరూ చెప్పలేదు. రోడ్డు వెడల్పులో పోయిన పొలం చెక్కకి పరిహారం వచ్చిందని, ఖర్చు గురించి అడగొద్దని చెప్పి లేచి వెళ్లాడు.

మర్నాడు ఆయన భార్య నాగులమ్మ పిన్ని ఊడిపడింది. చెప్పులు కూడా విప్పలేదు.

"ఏమే యమునా! ఆయనకి బుద్ధి లేకపోతే నీకన్నా ఉండొద్దా? కాలవ చాలక సముద్రంలో దింపుతావా నా మొగుణ్ణి? ఏందే నీ సంగతి?"

"నేను దింపడమేంది పిన్నీ, నేను వద్దన్నా!" అన్నాను నేనూ గొంతు పెంచి.

ఆమె ఠక్కున కుర్చీలో కూలబడింది. "వద్దన్నావా? ఎందుకొద్దన్నావే? పొద్దస్తమానం ఆ తాబేలునే చూస్తన్నాడు. అన్నం తింటా చూస్తన్నాడు. శవాన్ని తీసొచ్చిన రోజు ఆ మనిషి ముద్ద ముట్టడు. అట్టాంటోడు ఆ తాబేలుని చూస్తా రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పంపియ్యవే." కొంగుతో మొహం తుడుచుకుని లేచిపోయింది. తిట్టడానికి వచ్చిందో, బతిమాలడానికి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఆ ఫిలిప్పీన్స్ వాళ్లకి రాస్తే, ముందు శిక్షణ కావాలన్నారు. విశాఖపట్నంలో మోయిన్ అనే కుర్రాడు నేర్పుతాడని తెలిసి, బాబాయ్‌ని రైల్లో తీసుకెళ్లాను. ఈత కొలను ఒడ్డున మోయిన్ మొదటి పాఠం చెప్పాడు. "సార్, సూత్రం ఒకటే. నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదు. సిలిండరులోది లోతులో ఒత్తిడి మీద పీల్చే గాలి. పైకి వస్తుంటే గుండెల్లో ఉబ్బుతుంది. బిగబట్టారా, ఊపిరితిత్తులు పగిలిపోతాయి. పీలుస్తూ, వదులుతూ ఉండాలి."

నేను హడలిపోయాను. ఈయనకి వచ్చిన విద్య అదొక్కటే కదా!

గొట్టం నోట్లో పెట్టుకుని బాబాయ్ అడుక్కి వెళ్లి కూర్చున్నాడు. బుడగల్లేవు. నిమిషం. ఒకటిన్నర. మోయిన్ వదలమని సైగలు చేసి చేసి, చివరికి భయపడి పైకి లాక్కొచ్చాడు. "ఇలా చేస్తే చచ్చిపోతారు సార్!" రెండు రోజులూ అదే తంతు. మూడో రోజు నా ఓపిక చచ్చిపోయింది.

"పీల్చు బాబాయ్! గాలి నోట్లోనే ఉందిగా, పీల్చవేంది?" అని అందరూ చూస్తుండగా అరిచాను.

ఆయన ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చి, గొట్టం తీసి, మెల్లగా అన్నాడు. "నీళ్లల్లో పీల్చినోళ్లనేగామ్మా, నేను ఇన్నేళ్లూ బయటికి తీసింది."

ఛీ, ఏం నోరు నాది! మోయిన్ బాబాయ్ చెయ్యి తీసి తన ఛాతీ మీద పెట్టుకుని, ఆయనతోపాటు నీళ్లలోకి దిగాడు. తను పీల్చినప్పుడల్లా ఆయనకు తెలిసేలా. చాలాసేపటికి రెండు చోట్ల నుంచి బుడగలు వచ్చాయి.

"పీల్చానే యమునా! పీల్చా!" అంటూ బాబాయ్ తేలాడు. ఆయన పళ్లు కనపడేలా నవ్వగలడని నాకు ఆ రోజే తెలిసింది.

మోయిన్ ఈత కళ్లద్దాలూ, నీళ్ల పైకి ఉండే గొట్టమూ ఇచ్చి, రోజూ అరగంట ఇంట్లో నీళ్లలో తల పెట్టి పీల్చమన్నాడు. పాత అలవాటు ఒంట్లోంచి పోవాలి, అది పోతేనే సముద్రం అన్నాడు. నెల రోజులు బాబాయ్ గేదెల తొట్టిలో తల పెట్టుకుని బతికాడు. "గేదెలు బెదిరి ఆ తొట్టి కాడికే రావట్లేదే" అని పిన్ని ఫోన్ చేసి తిట్టేది. తిడుతూ నవ్వేది.

ప్రయాణం ఇంకా ఐదు రోజులుందనగా, టికెట్టు కాగితాలు ఇద్దామని వాళ్లింటికి వెళ్లాను. బాబాయ్ వాటిని రెండు చేతులతో అందుకుంటుంటే పోలీస్ స్టేషన్ నుంచి ఫోను. ఇంటర్ చదివే పిల్ల. తల్లితో కలిసి బట్టలు ఉతుకుతూ కాలు జారింది. నా కారులోనే తీసుకెళ్లాను.

కాలువ లాకుల పక్కన మెట్ల మీద తల్లి కూర్చుని ఉంది. పక్కన సగం పిండిన బట్టలు. బాబాయ్ నడుముకు తాడు కట్టుకుని, ఛాతీ నింపుకుని దిగాడు. కానిస్టేబుల్ ఏసుబాబు తాడు పట్టుకున్నాడు. అర నిమిషం కూడా కాలేదు, తాడు గిలగిలా కొట్టుకుంది.

"ఏందిది! ఎప్పుడూ ఇట్టా లేదే!" అంటూ ఏసుబాబు లాగాడు. నేనూ లాగాను. బాబాయ్ ముక్కులోంచి, నోట్లోంచి నీళ్లు కక్కుతూ వచ్చి పడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. చాలాసేపటికి నా వంక చూసి ఒక్క మాటన్నాడు.

"మరిచిపోయి పీల్చానమ్మా."

పీల్చు, పీల్చు అని ఒడ్డున నిలబడి అరిచింది నేనే కదా! ఈ మనిషిని నేనే చంపబోయాను కదా! "చాలు, ఇంక దిగొద్దు. రేపు గుంటూరు నుంచి టీమొస్తదంట, వాళ్లు చూసుకుంటారు. ఇంటికి పోదాం పద!" అని రెక్క పట్టుకుని లాగాను.

ఆయన మెట్ల మీది తల్లి వంక చూశాడు. నా చెయ్యి విడిపించుకున్నాడు. ముక్కు మూసుకుని, నోరు బిగించి, ఊపిరి ఆపాడు. వదిలాడు. మళ్లీ ఆపాడు. పదిసార్లు, పదిహేనుసార్లు. నేను కష్టపడి మాన్పించినదాన్ని నా ముందే మళ్లీ నేర్చుకున్నాడు.

"ఆ టికెట్టు క్యాన్సిల్ చేసెయ్యమ్మా" అన్నాడు.

"ఒక్కసారి చూడాలన్నావుగా బాబాయ్! ఈ కాలవే మానెయ్యొచ్చుగా!"

"రెండూ ఒకే ఒంట్లో పట్టవమ్మా. ఆడ పీల్చకపోతే చస్తా, ఈడ పీలిస్తే చస్తా. నేను మానేస్తే ఆయమ్మ రేపటిదాకా ఆ మెట్ల మీదే కూసోవాల." అంటూనే నీళ్లలోకి దిగిపోయాడు.

ఈసారి రెండు నిమిషాలు దాటాయి. పిల్లను చేతుల మీద తెచ్చి తల్లి ముందు పడుకోబెట్టాడు. ఆ తల్లి బిడ్డ మీద పడి ఏడ్చి ఏడ్చి, తలెత్తి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చూశావుగా అయ్యా! నీళ్లల్లో నా బిడ్డ మొహం ఎట్టుంది? చానా భయపడిందా?"

"చూశాను తల్లీ" అన్నాడు, క్షణం కూడా తడుముకోకుండా. "భయమేం లేదు. నిద్రపోతన్నట్టే ఉంది."

నేను ఆ బురద నీళ్ల వంక తిరిగి చూశాను. ఏసుబాబు తాడు చుట్టుకుంటూ నా పక్కకు వచ్చి, "అందరికీ ఇదే చెప్తాడమ్మా" అన్నాడు.